చవక గ్రైండర్ ఆగిపోతే: పార్టు మార్చాలా, మిషనే మార్చాలా?

మేడ మీద రేకుల పందిరి కోసం ఇనుప యాంగిల్ కోస్తున్నాను. సగం కోతలో ఉండగా నా 4 అంగుళాల గ్రైండర్ ఎక్కిళ్లు వచ్చినట్టు రెండుసార్లు ఆగి ఆగి తిరిగి, మూడోసారి మొత్తానికే ఆగిపోయింది. 1,250 రూపాయలకు కొన్న మిషన్. కొన్న షాపుకే పట్టుకెళ్తే కౌంటర్ దగ్గరి అబ్బాయి దాన్ని విప్పకుండానే ఒకసారి ఊపి చూసి, "ఆర్మేచర్ పోయింది సార్. అన్నీ కలిపి 700 అవుద్ది. ఇంకో 500 వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా" అన్నాడు. చారాణా కోడికి బారాణా మసాలా ఎందుకండీ అన్నట్టుంది వాలకం. లెక్క నాకూ సబబే అనిపించింది. కానీ ఆర్మేచర్, అంటే మోటారులో తీగ చుట్టి ఉండి తిరిగే భాగం, కాలితే కమురు వాసన రావాలి కదా, రాలేదేం?

ఇంటికొచ్చి వెనక మూత స్క్రూలు విప్పాను. తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే బొగ్గు ముక్కల్లో, అంటే కార్బన్లలో, ఒకటి 4 మిల్లీమీటర్ల ముక్కగా అరిగి, ఇత్తడి గూట్లో దుమ్ముకు బిగుసుకుపోయి ఉంది. స్ప్రింగు నెట్టినా అది ఆర్మేచర్ కొసన రాగి పట్టీలతో ఉండే కమ్యుటేటర్‌ని తాకడం లేదు. కరెంటు లోపలికి వెళ్లే దారే లేదన్నమాట. జత కార్బన్లు 40 రూపాయలు. అవి వేశాక ఆ మిషన్ ఇంకో 7 నెలలు పనిచేసింది. ఆ తర్వాత నిజంగానే ఆర్మేచర్ కాలింది. ఆ లెక్క కింద చెప్తాను.

చవక మిషన్ కదా, రిపేరు దండగ అని ముందే తేల్చేయకండి. ఏ పార్టు పోయింది, ఎందుకు పోయింది అన్న రెండు సంగతులు తెలిశాకే లెక్క వేయాలి. అప్పటిదాకా షాపువాళ్ల మాటా వద్దు, మన ఉక్రోషమూ వద్దు.

విప్పే ముందు, విప్పాక

వారంటీ ఉంటే స్క్రూ ముట్టుకోవద్దు, నేరుగా వాళ్లకే ఇవ్వండి. కార్బన్ల లాంటి అరిగే పార్టులకు మామూలుగా వారంటీ వర్తించదు. ఓవర్‌లోడ్ వల్ల కాలిందని చెప్పి ఆర్మేచర్‌కీ కొర్రీ పెట్టే అవకాశం ఉంది. అయినా అడగడంలో తప్పులేదు.

వారంటీ లేకపోతే ముందు వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. తర్వాత వైరు. గ్రైండర్లలో వైరు తెగేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట, మిషన్‌లోకి దూరే మెడ దగ్గర. పని చేస్తూ రోజంతా అక్కడే వంచుతాం కాబట్టి పైన రబ్బరు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగిపోతాయి. మెడ దగ్గర అటూ ఇటూ వంచితే ఒక్క క్షణం తిరిగి ఆగిందంటే దోషం వైరుదే. వెంటనే ప్లగ్గు తీసేసి, ఆ జానెడు ముక్క కోసేసి మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

మల్టీమీటర్ ఉంటే ప్లగ్గు రెండు పిన్నుల మధ్య, స్విచ్ ఆన్‌లో ఉంచి, ఓంలు కొలవండి. ప్లగ్గు గోడకు పెట్టకుండానే సుమా. మంచి మిషన్ అయితే కొన్ని ఓంల నుంచి ఇరవై ముప్పై ఓంల లోపు ఏదో ఒకటి చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే దారి ఎక్కడో తెగింది: వైరు, స్విచ్, కార్బన్లు, ఫీల్డ్ కాయిల్ (ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్ట), ఈ వరుసలో వెతకండి. స్పీడ్ కంట్రోల్ ఉన్న మోడళ్లకు ఈ లెక్క కుదరదు.

ఇక ముక్కును నమ్మండి. వాసన లేకుండా ఆగితే సగం ధైర్యంగా ఉండొచ్చు. మాడిన వార్నిష్ వాసనతో, వెనక జాలీలోంచి పొగతో ఆగితే వైండింగ్ (మోటారులోని తీగ చుట్ట) పోయినట్టే.

కళ్లు మూసుకుని రిపేరు చేయించుకోవాల్సినవి

కార్బన్లు, వైరు, స్విచ్, బేరింగులు. ఈ నాలుగింట్లో ఏది పోయినా కొత్త మిషన్ మాటే ఎత్తొద్దు.

కార్బన్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. కొత్తవి ఇంచుమించు 15 మిల్లీమీటర్ల పొడవుంటాయి. 5, 6 మిల్లీమీటర్లకు వచ్చాయంటే పని అయిపోయింది. పాతది చేత్తో పట్టుకెళ్లి వెడల్పు, మందం సరిపోయేవే తెచ్చుకోండి. కాస్త బిగువుగా ఉంటే ఎమెరీ కాగితం మీద రెండు రుద్దులు రుద్దొచ్చు. వదులుగా ఉన్నవి మాత్రం వద్దే వద్దు. గూట్లో కదిలే కార్బన్ నిప్పులు చిమ్ముతూ కమ్యుటేటర్‌ని తినేస్తుంది. 40 రూపాయల సరుకు 350 రూపాయల ఆర్మేచర్‌ని మింగడం అంటే ఇదే. వేశాక లోడు పెట్టకుండా నాలుగైదు నిమిషాలు ఊరికే తిప్పితే కార్బన్ మొన కమ్యుటేటర్ గుండ్రానికి తగ్గట్టు అరిగి కూర్చుంటుంది.

స్విచ్ గురించి ఒక్క మాటే. స్లైడ్ స్విచ్ దుమ్ము పట్టి ఆన్‌లోనే ఇరుక్కుంటే ప్లగ్గు పెట్టగానే మిషన్ నేల మీద పరుగెత్తుతుంది. "ప్లగ్గుతోనే ఆపుకుంటున్నాలే" అనేవాళ్లను చూశాను. వంద రూపాయల దగ్గర కక్కుర్తి పడి వేళ్లు పోగొట్టుకోవద్దు.

బేరింగుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. చవక మిషన్లను చంపేది చాలాసార్లు ఇవే, నింద మాత్రం ఆర్మేచర్ మీద పడుతుంది. బేరింగ్ అరిగితే షాఫ్టు (ఆర్మేచర్ ఇరుసు) ఊగుతుంది. షాఫ్టు ఊగితే కమ్యుటేటర్ మీద కార్బన్ గెంతుతుంది, గెంతిన ప్రతిసారీ నిప్పురవ్వ. ఇంకా ఊగితే ఆర్మేచర్ ఇనుప భాగం వెళ్లి ఫీల్డ్ లోపలి గోడకు రాసుకుంటుంది. విప్పినప్పుడు ఆర్మేచర్ ఒంటి మీద ఒక పక్క వెండిలా మెరిసే గీతలు కనిపిస్తే కథ మొత్తం అక్కడే రాసి ఉన్నట్టు. చక్రం నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంటే ఆర్మేచర్ అంతకన్నా వేగంగా తిరుగుతుంది, అలాంటి చోట వెంట్రుకవాసి తేడా కూడా చిన్నది కాదు.

బేరింగ్ నంబరు దాని అంచు మీదే చెక్కి ఉంటుంది. చిన్న గ్రైండర్లలో, డ్రిల్లుల్లో 607, 608, 629, 6000 లాంటివి కనిపిస్తాయి. 608 అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. పిల్లలు తిప్పుకునే ఫిడ్జెట్ స్పిన్నర్‌లో మధ్యన ఉండేది కూడా సాధారణంగా ఇదే సైజు. నంబరు చెబితే ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతుంది, మిషన్ కంపెనీతో పనిలేదు. నంబరు వెనక జడ్‌జడ్ అని ఉంటే ఇనుప మూత, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూత. ఇనుప రజను, సిమెంటు దుమ్ము మధ్య బతికే మిషన్‌కి నేనైతే రబ్బరుదే అడుగుతాను. తీసేటప్పుడు చిన్న పుల్లర్ (బేరింగ్‌ని లాగి తీసే పనిముట్టు) వాడండి. ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద ఆనేలా పైపు ముక్క పెట్టి మెల్లగా దించండి. బయటి రింగు మీద సుత్తితో కొడితే కొత్త బేరింగ్ కాస్తా పాతదైపోతుంది.

ఆర్మేచర్: అసలు తకరారు ఇక్కడే

ముందు అది నిజంగానే పోయిందా చూసుకోండి. కమ్యుటేటర్ చుట్టూ రింగులాగా నిప్పులు తిరుగుతుంటే అనుమానించాలి. విప్పాక వైండింగ్ నల్లగా బొగ్గైపోయి ఉంటే మీటర్ కూడా అక్కర్లేదు. అలా లేకపోతే కమ్యుటేటర్ మీద పక్కపక్క రాగి పట్టీల మధ్య ఓంలు కొలుస్తూ చుట్టూ రండి. అన్ని చోట్లా దాదాపు ఒకే అంకె రావాలి. ఒక చోట బాగా ఎక్కువో తక్కువో చూపిస్తే అక్కడ దెబ్బతింది. ఏ పట్టీకీ షాఫ్టుకూ మధ్య కనెక్షన్ ఉండకూడదు. ఉంటే అది ఒంటికి షాక్ కొట్టే మిషన్. ఫీల్డ్‌లో ఉండే రెండు కాయిళ్లూ విడివిడిగా కొలిస్తే సమానంగా రావాలి.

పోయిందని తేలాక మూడు దారులున్నాయి: రీవైండింగ్, లోకల్ ఆర్మేచర్, కంపెనీ ఆర్మేచర్.

మన ఊళ్లలో అందరికీ ముందు తోచేది రీవైండింగ్, అంటే కాలిన తీగ తీసేసి కొత్తది చుట్టించడం. బోరు మోటార్ల పుణ్యమా అని ప్రతి మండలంలో వైండింగ్ షాపు ఉంటుంది, చేయి తిరిగిన మేస్త్రీలుంటారు. కానీ బోరు మోటారులో వాళ్లు చుట్టేది కదలకుండా కూర్చునే స్టేటర్. ఇది తిరిగే ఆర్మేచర్. వెంట్రుకంత సన్న తీగ చుట్టి, ప్రతి కొసనీ కమ్యుటేటర్ పట్టీకి అతికి, వార్నిష్ ఆరబెట్టి, చివర బ్యాలెన్స్ చూడాలి. ఒక పక్క బరువు పెరిగితే ఆ వేగానికి బేరింగులు వారంలో గోల పెడతాయి. మా ఊరి మేస్త్రీని అడిగితే, "చేయలేక కాదన్నా, నా కూలి కన్నా రెడీమేడ్ చవక. పెద్ద కటాఫ్ మిషన్‌దైతే తీసుకురా, చేసిస్తా" అన్నాడు. ఖరీదైన, పార్టు దొరకని మిషన్‌కి రీవైండింగ్ మంచి దారి. చవక గ్రైండర్‌కి కాదు.

లోకల్ రెడీమేడ్ దొరుకుతుందా లేదా అన్నది మీ మిషన్ దేనికి నకలో దాన్ని బట్టి ఉంటుంది. చవక మిషన్లలో చాలా వరకు ఏదో ఒక పెద్ద కంపెనీ పాత మోడల్ అచ్చులో పోసినవే. అందుకే స్పేర్ పార్టుల షాపుల్లో మీ మిషన్ బ్రాండు పేరు ఎవరూ అడగరు. "801 ఆ, జీడబ్ల్యూఎస్ 600 ఆ?" అని అడుగుతారు. మార్బుల్ కట్టర్ అయితే సీఎం4, హ్యామర్ డ్రిల్ అయితే 2-26. ఇవి డీవాల్ట్, బాష్, హిటాచీ మోడళ్ల నంబర్లు. ఇప్పుడు సైజుల పేర్లుగా స్థిరపడిపోయాయి. అయినా నంబరు నమ్మి ఫోన్లో ఆర్డర్ ఇవ్వకండి. పాత ఆర్మేచర్ పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టండి: మొత్తం పొడవు, ఇనుప భాగం లావు, పొడవు, కమ్యుటేటర్ వ్యాసం, గేరు ఎక్కే కొస. ఒక్కటి తేడా ఉన్నా వద్దు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోటికి వెళ్లగలిగితే ఈ పని గంటలో తేలిపోతుంది.

ఇంకో తిరకాసు అల్యూమినియం తీగ. పైన ఎనామిల్ పూత రాగి రంగులోనే ఉంటుంది, చూసి మోసపోతాం. కొత్తదాన్ని గోకి చూడలేం కాబట్టి చేతిలో తూచి చూడండి. పాతదానికన్నా బాగా తేలిగ్గా అనిపిస్తే పక్కన పెట్టేయండి. లోడు పడితే అది తొందరగా వేడెక్కుతుంది.

కంపెనీ ఆర్మేచర్ గురించి చెప్పాలంటే, పేరున్న కంపెనీ మిషన్ అయితే కాస్త ఎక్కువైనా అదే వేయండి. మన 1,250 రూపాయల రకానికి చాలాసార్లు "కంపెనీ పార్టు" అనేదే ఉండదు. దాని పేరు మీద అమ్మేదీ ఆ లోకల్ సరుకే.

నా లెక్క ఇలా నడిచింది: ఆర్మేచర్ 350, రెండు బేరింగులు 90, కార్బన్లు 40, మొత్తం 480. కొత్త మిషన్‌లో సగానికన్నా తక్కువ. చక్రం బిగించే స్పిండిల్ పట్టుకుని ఊపితే ఆట లేదు, గేర్లు నునుపుగా ఉన్నాయి, ఫీల్డ్ బాగుంది. కాబట్టి వేసేశాను. బేరింగులు మార్చకుండా ఆర్మేచర్ ఒక్కటే వేస్తే 90 రూపాయలు మిగిలేవి. కానీ అప్పుడు రెండో ఆర్మేచర్‌ని కూడా నా చేత్తో నేనే కాల్చుకున్నట్టు అయ్యేది.

అదే నెలలో మా బావమరిది గ్రిల్ షాపులో గ్రైండర్ పోయింది. విప్పితే ఆర్మేచర్, ఫీల్డ్ రెండూ మాడిపోయి ఉన్నాయి, గేరు పళ్లు సగానికి అరిగాయి. స్పిండిల్ అటూ ఇటూ ఊగుతోంది. అన్నీ కలిపితే 850 దాటింది. "బావా, కాస్త చూడవా, దాన్తోనే అలవాటైంది" అన్నాడు. చూడను అన్నాను. స్పిండిల్ బేరింగ్ కూర్చునే గూడే వదులైపోతే ఏ పార్టు వేసినా నిలవదు.

సగం ధర అనేది నా గీత, ఎక్కడా రాసిపెట్టిన చట్టం కాదు. మిషన్ మరీ పాతదైతే మూడో వంతు దగ్గరే ఆగిపోతాను.

గేర్లు, బాడీ, చక్

గేర్లు చిన్నదీ పెద్దదీ కలిపి మార్చాలి. ఒకటే మారిస్తే కొత్త పళ్లను పాత పళ్లు తినేస్తాయి. గ్రీజు పళ్లకు పట్టేంత చాలు. డబ్బా నిండా కూరితే వేడికి కరిగి మోటారులోకి కారుతుంది.

బాడీ పగిలితే ఏం పగిలిందో చూడండి. వెనక మూత చిట్లితే టేపు చుట్టుకుని బతకొచ్చు. గేర్ హెడ్ (గేర్లుండే ముందు భాగం) స్క్రూలు బిగిసే చోట ప్లాస్టిక్ చీలితే ఫెవిక్విక్‌లూ ఎం‌సీల్‌లూ వద్దు, ఆ మిషన్‌కి సెలవివ్వండి. చక్రం పైనుండే గార్డు పోతే గార్డు కొనండి. అది దొరక్కపోతే కూడా మిషన్ మార్చాల్సిందే. ఈ ఒక్క విషయంలో నేను బేరాలాడను.

డ్రిల్ మిషన్‌లో బిట్టును పట్టి ఉంచే చక్ మార్చడం అందరూ భయపడేంత పనేం కాదు. 13 మిల్లీమీటర్ల చక్‌కి సాధారణంగా అర అంగుళం 20 త్రెడ్ (అంగుళానికి 20 మరలు), 10 మిల్లీమీటర్ల దానికి మూడెనిమిదో వంతు 24 త్రెడ్ ఉంటుంది. చక్ మీదే రాసి ఉంటుంది చూడండి. అటూ ఇటూ రెండు వైపులా తిరిగే డ్రిల్ అయితే చక్ నోరు పూర్తిగా తెరిచి లోపలికి చూడండి, అడుగున ఒక స్క్రూ ఉంటుంది. అది ఎడమ మర. అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక అవతలి వైపు బలంగా తిప్పి తల విరగ్గొట్టేసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. వదులైన చక్ తీసేసి కాస్త మంచిది వేస్తే చవక డ్రిల్లు కూడా బుద్ధిగా సూటిగా తొలుస్తుంది.

బ్యాటరీ మిషన్లు

వీటి లెక్క వేరు. మోటారు చక్కగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి బ్యాటరీ చస్తుంది. 21 వోల్టులు అని రాసిన ప్యాకులో వరుసగా 5 లిథియం సెల్స్ ఉంటాయి. ఒక్కోటి మామూలుగా 3.6, నిండా చార్జ్ అయితే 4.2 వోల్టులు. అంటే ఇది 18 వోల్టుల మిషనే, 21 అన్నది నిండు చార్జింగ్ అంకె. కొన్నింటి మీద 48, 88 అని కూడా అచ్చు వేస్తున్నారు. విప్పి చూస్తే లోపల అవే 5 సెల్స్. ఆ అంకె చూసి ప్యాకు కొనకండి, ప్యాకు పిన్నుల అమరిక మీ మిషన్‌కి సరిపోతుందో లేదో చూసి కొనండి.

ప్యాకు విప్పి ఒక్కో సెల్ కొలిస్తే తరచుగా నాలుగు బాగుండి ఒకటి ఒకటిన్నర వోల్టు దగ్గర పడి ఉంటుంది. ఆ ఒక్కటే మార్చాలనిపిస్తుంది. వద్దు, పాతవాటితో కొత్తది కలిస్తే చార్జింగ్ సమానంగా ఎక్కదు. మార్చితే ఐదూ మార్చాలి. అవి కూడా డ్రిల్లు గుంజే కరెంటును తట్టుకునే రకం అయి ఉండాలి. పవర్ బ్యాంకుల్లోంచి పీకిన సెల్స్ ఆ ధాటికి ఆగవు. టంకం పెట్టి అతికితే ఆ వేడికి సెల్ పాడవుతుంది, స్పాట్ వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఇవన్నీ కలుపుకుంటే రెడీమేడ్ ప్యాకు ధరకు దగ్గరగా వచ్చేస్తుంది. ఎలక్ట్రానిక్స్ చేయి ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు కొత్త ప్యాకు కొనుక్కోవడమే మంచిది. ఉబ్బిన సెల్ కనిపిస్తే ఏ ప్రయోగమూ చేయకండి.

కొత్తదే కొనాల్సి వస్తే

పాతది ఎందుకు కాలిందో ముందు ఒప్పుకోండి. 600 వాట్ల గ్రైండర్‌తో గంటలకొద్దీ గ్రానైట్ కోయడం, బరువంతా వేసి నొక్కడం, గాలి జాలీని అరచేత్తో మూసి పట్టుకోవడం, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఇంటి వెనక దాకా లాగడం. వీటిలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అలవాటు అలాగే ఉంటే మళ్లీ అదే మోడల్ కొనడం అనవసరం.

నెలకోసారి మేకు కోసేవాళ్లకు చవకదే చాలు. వారానికి రెండు మూడు రోజులు వాడేవాళ్లు పేరున్న కంపెనీలో అన్నిటికన్నా చిన్న మోడల్ తీసుకోవచ్చు. ధర రెట్టింపైనా స్విచ్, బేరింగుల నాణ్యతలో ఆ తేడా తెలుస్తుంది. దాని మీదే కూలి గిట్టాల్సిన వాళ్లయితే సర్వీస్ సెంటర్ తమ ఊళ్లో ఉన్న కంపెనీదే కొనాలి, అది ఏ కంపెనీ అయినా సరే. మిషన్ వారం రోజులు పక్క జిల్లాలో రిపేరులో కూర్చుంటే పోయే కూలి ముందు మిషన్ ధర ఎంత. సెకండ్ హ్యాండ్ అయితే మాత్రం నా ఓటు లేదు. రంగు వేసి, కార్బన్లు మార్చి అమ్మేవి బయటికి బాగానే కనిపిస్తాయి.

కొనేటప్పుడు డబ్బులిచ్చే ముందు ఒక ప్రశ్న అడగండి: "దీని కార్బన్లు, ఆర్మేచర్ మీ దగ్గరే దొరుకుతాయా? ఒకసారి చూపించండి." చూపించగలిగితే సగం వారంటీ వచ్చినట్టే. ఆన్‌లైన్‌లో మాత్రమే దొరికే వింత పేర్ల మిషన్లతో చిక్కు ఇక్కడే.

చచ్చిన మిషన్‌ని పాత సామాన్ల బండికి వేసే ముందు వైరు, స్విచ్, కార్బన్ గూళ్లు, స్క్రూలు, గార్డు తీసి ఒక డబ్బాలో వేసుకోండి. ఫీల్డ్‌లోని రాగి విడిగా అమ్మితే కిలో లెక్కన ఇంకాస్త వస్తుంది. మా బావమరిది కొత్త గ్రైండర్ కొనుక్కున్నాడు. వాడి పాతదాని స్విచ్ ఇప్పుడు నా దాంట్లో ఉంది.